వెనక సీటు వాళ్లకి బెల్టెందుకు?

కిందటి నెల కావలిలో ఒక కాలేజీ సదస్సుకి పోతూ నెల్లూరులో అద్దె కారెక్కాను. వెనక సీట్లో కూర్చుని బెల్టు లాగితే అదైతే వచ్చింది గానీ దాన్ని బిగించే లాకు దొరకలేదు. సీటు సందులో చెయ్యి దూర్చి వెతికాను. వేరుశనగ పొట్టు, ఎవరిదో హెయిర్ పిన్ను, ఒక రూపాయి బిళ్ల దొరికాయి. లాకు మాత్రం కొత్త రెగ్జిన్ కవరు కింద పూడుకుపోయి ఉంది. డ్రైవరబ్బాయి అద్దంలో చూసి నవ్వాడు. "వెనకాల ఆడోళ్లకెందుకు మేడం? ముందు కూర్చున్నోళ్లకే గదా చలానా" అన్నాడు.

మంచి పిల్లవాడే. కారులో నేనొక్కదాన్నే ఉన్నా "ఆడోళ్లు" అన్నాడు. అతని లెక్కలో వెనక సీటు అంటే ఆడవాళ్లు. ఆ లెక్క తప్పు కూడా కాదు. మన ఇళ్లలో కారెక్కే పద్ధతే అది. డ్రైవరు పక్కన ఇంటాయన, ఆయన లేకపోతే కొడుకు, వాడూ లేకపోతే పదేళ్ల మనవడు. వెనక అత్త, కోడలు, ఆడబిడ్డ, ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర టిఫిన్ క్యారేజీలు. జొన్నవాడ కామాక్షమ్మ గుడికి పోయినా, మైపాడు సముద్రానికి పోయినా, పెళ్లికి పోయినా ఇదే వరస. ఎవరూ చెప్పరు. ఎవరి చోటుకి వాళ్లు పోయి కూర్చుంటారు. వంటింట్లో పీటలకి ఉన్న వరస కారులోకి వచ్చింది, అంతే.

సీటు బెల్టు మీద రాస్తానని చెప్తే స్నేహితురాళ్లలో ఒకామె పకపకా నవ్వింది. ఇంకొకామె, "ట్రాఫిక్ పోలీసుల కరపత్రం మన పత్రికలో ఎందుకు?" అంది. మూడో ఆమె సీరియస్‌గానే వాదించింది. కారున్న ఆడవాళ్ల సమస్య స్త్రీవాద సమస్య ఎట్లా అవుతుంది, పైగా బెల్టు రాజ్యం దేహం మీద వేసే మరో కట్టు కాదా అంది. ఆ ముగ్గురికీ జవాబుగానే ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. ఆ కోపానికి కారణం ముందు చెప్పాలి.

మా వదిన 2012లో పోయింది. కావలి దగ్గర పెళ్లి చూసుకుని తెల్లవారుజామున నెల్లూరుకి వస్తున్నారు. హైవే పక్కన లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దింది. డ్రైవరుకి బెల్టుంది. అన్నకీ ఉంది, టోల్‌గేటు దగ్గర డ్రైవరు గుర్తుచేస్తే పెట్టుకున్నాడట. వదిన వెనకాల, ఒళ్లో నిద్రపోతున్న మనవరాలితో, పట్టుచీర నలగకుండా కాస్త ముందుకి జరిగి కూర్చుని ఉంది. ముందరి ఇద్దరూ బతికారు. పాప రెండు సీట్ల మధ్య సందులో పడింది, కాలర్ ఎముక విరిగింది, బతికింది. వదిన అన్న కూర్చున్న సీటుని వెనక నుంచి గుద్దుకుని అక్కడికక్కడే పోయింది. ఆ దెబ్బకి అన్న వెన్నెముక దెబ్బతింది. ఇవాళ్టికీ చేతికర్ర లేకుండా నడవలేడు.

పదకొండో రోజు మా బంధువుల్లో ఒకావిడ అన్న మాట నేను మర్చిపోలేదు. "మహాతల్లి, పోతా పోతా మొగుడి నడుం కూడా ఇరగ్గొట్టి పోయింది" అంది. అక్కడున్న ఆడవాళ్లలో ఒక్కరూ ఆ మాటకి అడ్డం చెప్పలేదు, నాతో సహా. మొగవాళ్లు లారీ డ్రైవర్ని తిట్టారు, హైవే వాళ్లని తిట్టారు, చివరికి తలరాత అన్నారు. అదే కారులో, అదే లారీకి గుద్దుకుని, బెల్టున్న ఇద్దరు బతికి బెల్టు లేని మనిషి పోయింది. తలరాత బెల్టు చూసి రాసిందా? ఈ ప్రశ్న మా ఇంట్లో అప్పుడెవరూ అడగలేదు. నేను అడగడానికి చాలా ఏళ్లు పట్టింది.

అడిగాక తెలుసుకున్నది కొంత చెప్తాను. సాహిత్యం చదువుకున్నవాళ్లకి ఈ లెక్కలు విసుగనిపించొచ్చు, ఓపిక పట్టండి. కారు గుద్దుకున్నప్పుడు జరిగేది ఒక్క గుద్దు కాదు, మూడు. కారు లారీని గుద్దుతుంది. ఆగిన కారులో ఇంకా అదే వేగంతో పోతున్న మనిషి స్టీరింగునో, అద్దాన్నో, ముందు సీటునో గుద్దుతుంది. ఆగిన మనిషి లోపల గుండె, కాలేయం, మెదడు వెళ్లి ఎముకలకి గుద్దుకుంటాయి. బెల్టు చేసే పని రెండో గుద్దుని ఆపడం, మూడోదాన్ని నెమ్మది చెయ్యడం. శరీరంలో గట్టి ఎముకలు ఎక్కడున్నాయో అక్కడ, తుంటి మీదా ఛాతీ మీదా, ఆ బలాన్ని పంచుతుంది. మనిషిని కారు బయటికి విసిరెయ్యకుండా పట్టుకుంటుంది. బయటపడ్డ మనిషికి చావు ప్రమాదం చాలా ఎక్కువ. 1959లో స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ ఈ మూడు కొసల బెల్టుని తయారుచేశాడు. అంతకు ముందు ఆయన యుద్ధవిమానాల్లో పైలట్లని బయటికి విసిరే సీట్లు తయారుచేసేవాడు. ఆ బెల్టు పేటెంటుని మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చారు. ముందు సీట్లో వాళ్లకి చావు ప్రమాదాన్ని బెల్టు దాదాపు సగానికి తగ్గిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తూ వస్తోంది. వెనక సీట్లో కూడా దాని లాభం తక్కువేమీ కాదు. వెనకవాళ్లు బెల్టు లేకుండా ఉంటే వాళ్లే ముందువాళ్ల మీద పడే బరువవుతారు. మా అన్న నడుం సంగతి అదే. వదిన విరగ్గొట్టింది కాదు. సీటు కవరు కుట్టినవాళ్లు, దాని కింద లాకుని పూడ్చినవాళ్లు, వెనకాల ఎందుకులే అన్న అందరం కలిసి విరగ్గొట్టాం.

ఒళ్లో పిల్లని గట్టిగా పట్టుకుంటాం అంటారు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడకి కొట్టుకుని ఆగితే, పది కిలోల పిల్ల ఆ క్షణంలో రెండు వందల కిలోల బరువై ముందుకి పోతుంది. ఏ తల్లి చేతులూ పట్టుకోలేవు. తల్లి ప్రేమకి ఈ పరీక్ష పెట్టడమే అన్యాయం. పైగా బెల్టు లేని తల్లి శరీరం వెనక నుంచి వచ్చి ఆ పిల్లని ముందు సీటుకి అదుముతుంది. "తల్లి ఒడిని మించిన రక్ష లేదు" అని మనమే ఎన్ని కవితల్లో రాశాం! కారులో ఆ మాట అబద్ధం.

ఇక అంకెలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోకుండా ప్రమాదాల్లో పోయినవాళ్లు 16,715 మంది. అందులో డ్రైవర్లు 8,384. ప్రయాణికులు 8,331. దాదాపు సగం సగం. "ప్రయాణికులు" అనే ఆ మాట వెనక ఎవరున్నారో ఏ పెళ్లి కారులోకి తొంగిచూసినా తెలుస్తుంది.

ఇదేదో చట్టం లేక జరుగుతోందా అంటే కాదు. వెనక సీట్లో ముందుకి చూస్తూ కూర్చునేవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఎప్పటి నుంచో ఉంది. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం వెయ్యి రూపాయల జరిమానా కూడా పెట్టింది. కాగితం మీద చట్టానికి ముందు వెనకల తేడా లేదు. రోడ్డు మీద ఉంది. కెమెరా ముందు అద్దంలోంచి చూస్తుంది. పోలీసాయన ముందు కిటికీ దగ్గర వంగి చూస్తాడు. వెనక అద్దానికి నల్ల కాగితమో, ఎండకి కట్టిన తువ్వాలో అడ్డం. లోపల ఎవరున్నదీ కనపడదు, కనపడకూడదు కూడా. ఘోషా అంటే ఇంకేమిటి?

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ పోయాడు. టాటా సన్స్‌కి ఒకప్పుడు ఛైర్మన్. ఖరీదైన కారు, వంతెన గోడకి గుద్దుకుంది. ముందు సీట్లలో ఉన్న భార్యాభర్తలు పెద్ద దెబ్బలతో బతికారు. వెనక ఉన్న మిస్త్రీ, ఆ భర్త సోదరుడు జహంగీర్ పండోలే ఇద్దరూ పోయారు. వెనకవాళ్లకి బెల్టు లేదని పోలీసులు చెప్పారు. ఆ వారంలోనే కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ వెనక సీటు వాళ్లకి కూడా జరిమానా వేస్తామని ప్రకటించారు. టీవీల్లో రోజుల తరబడి వెనక సీటు బెల్టు గురించి చర్చలు. నేను చూస్తూ కూర్చున్నాను. ఏళ్ల తరబడి వెనక సీట్లలో అమ్మలూ అత్తలూ వదినలూ పోతుంటే రాని చర్చ, ఒక పెద్ద మగవాడు పొరపాటున ఆ సీట్లో కూర్చుని పోయాక వచ్చింది. ఆయన చావుని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. వెనక సీటు ప్రాణాంతకమని దేశానికి తెలియడానికి అందులో ఎవరు చావాల్సి వచ్చిందో గమనించమంటున్నాను.

ఆ సంఘటనలో ఇంకో సంగతి. కారు నడిపింది స్త్రీ. డాక్టర్ అనాహితా పండోలే, ముంబైలో పేరున్న స్త్రీల వైద్యురాలు. ఆమె డ్రైవింగ్ మీద కేసు పెట్టారు. వేగం, తప్పు వైపు నుంచి దాటడం లాంటివి కోర్టులు తేల్చే విషయాలు, నేను జోలికి పోను. మా అపార్టుమెంటు మెట్ల మీద, ఆటో స్టాండులో, స్టాఫ్‌రూములో విన్న మాట మాత్రం ఒకటే. "ఆడది బండి నడిపితే ఇంతే." వెనకున్న ఇద్దరు చదువుకున్న మగవాళ్లు చేతికి అందే బెల్టుని లాగి పెట్టుకోలేదన్న సంగతి ఎవరి నోటా రాలేదు. మగవాడు నడిపి గుద్దినప్పుడు అది రోడ్డు తప్పు, లారీ తప్పు, విధి. ఆడమనిషి నడిపితే అది ఆడతనం తప్పు.

మన దగ్గర సంగతులు చూద్దాం. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని రాత్రి ఇంటికి పోతూ ఆళ్లగడ్డ దగ్గర భూమా శోభానాగిరెడ్డి ప్రమాదంలో పడ్డారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పని తప్పించబోయి వాహనం పల్టీ కొట్టింది. ఆమె బయటికి విసిరేయబడ్డారు. బెల్టు లేదని అప్పటి పత్రికలన్నీ రాశాయి. మర్నాడు హైదరాబాదు ఆసుపత్రిలో పోయారు. పోలింగు అయ్యాక ఓట్లు లెక్కపెడితే పోయిన మనిషి గెలిచారు. రాజకీయాల్లో ముందు సీటు దాకా రాగలిగిన కొద్దిమంది ఆడవాళ్లలో ఒకరు. ముందు సీట్లో కూడా బెల్టు పెట్టుకోకపోవడం మన నాయకుల రివాజు. కిటికీలోంచి చెయ్యి ఊపాలి, దిగాలి, ఎక్కాలి, దండలు వేయించుకోవాలి. ఆ రివాజు మగవాళ్లు తయారు చేసింది. అందులోకి వచ్చిన ఆడవాళ్లు కూడా దాన్నే పాటించాల్సి వచ్చింది.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ తెల్లవారకముందే హైదరాబాదు నుంచి బయల్దేరి మా కావలికే వస్తున్నారు, అభిమాని ఇంట్లో పెళ్లికి. తనే నడుపుతున్నారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు అదుపు తప్పింది, ఆయన బయటికి పడిపోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ రోజు కావలి పెళ్లి ఇంట్లో భోజనాలు ఎవరూ ముట్టుకోలేదని ఊళ్లో చెప్పుకున్నారు. తర్వాత నెల రోజులు జాతకాల గురించి, అచ్చిరాని నెంబర్ల గురించి మాట్లాడారు. బెల్టు గురించి మాట్లాడినవాళ్లు నాకైతే తారసపడలేదు. మగతనానికి బెల్టు కట్టడమంటే మన సినిమా హీరో ఏనాడైనా ఒప్పుకున్నాడా? తెర మీద ఛేజింగులో ఒక్క హీరో అయినా కారెక్కగానే బెల్టు లాగి బిగించుకోవడం మీరు చూశారా?

సరే, అసలు వాదనకి వస్తాను. మా మూడో స్నేహితురాలు తర్వాత ఫోన్ చేసి ఒక మంచి ప్రశ్న వేసింది. "బెల్టు మగవాడి ఒంటికి కొలిచి తయారుచేసింది కదా, దాన్ని నువ్వెట్లా సమర్థిస్తావు?" నిజమే. ఇది మనమందరం తెలుసుకోవాల్సిన సంగతి. కార్లని గోడకి గుద్ది పరీక్షించేటప్పుడు లోపల కూర్చోబెట్టే బొమ్మ దశాబ్దాల పాటు ఒక సగటు అమెరికన్ మగవాడు. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఆడ బొమ్మ అని పెట్టింది ఆ మగ బొమ్మనే కుదించి చేసింది, సుమారు 150 సెంటీమీటర్లు, 49 కిలోలు. రొమ్ములు పేరుకి అతికించారు. తుంటి, మెడ, నడుం ఆడదాని తీరులో లేవు. వాళ్ల దేశంలో అతి పొట్టి ఆడవాళ్లకి అది ప్రతినిధి. మన దేశంలో సగటు ఆడమనిషి ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే వాళ్లు అంచున పెట్టిన మనిషి మన ఇళ్లలో మామూలు మనిషి. నేను, మీరు, మా వదిన. సగటు స్త్రీ శరీరాన్ని అసలు కొలిచి, ఆ తీరులో బొమ్మని తయారుచేసింది స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం. అది 2022లో గానీ బయటికి రాలేదు. బెల్టు పుట్టిన అరవై మూడేళ్లకి! మన దేశంలో 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ అని కార్లకి నక్షత్రాలిచ్చే పరీక్ష మొదలుపెట్టారు. ముందు గుద్దు పరీక్షలో ముందు సీట్లు రెండింటిలో మగ బొమ్మలు, వెనక పిల్లల బొమ్మలు. అమ్మ ఎక్కడ? వెనక సీట్లో ఆమె ఉంటుందని మనందరికీ తెలుసు, పరీక్ష రాసినవాళ్లకి తెలియలేదు.

దాని ఫలితం కూడా లెక్కకి వచ్చింది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చెప్పింది, బెల్టు పెట్టుకున్న ఆడ డ్రైవర్లకి బెల్టు పెట్టుకున్న మగ డ్రైవర్లకంటే తీవ్ర గాయాల అవకాశం 47 శాతం ఎక్కువని. 2019లో వాళ్లే ఎదురుగుద్దులు మాత్రం తీసుకుని చూస్తే 73 శాతం. తర్వాత 2021లో అక్కడి బీమా కంపెనీల పరిశోధనా సంస్థ ఇంకో కోణం చూపించింది. తేడాలో చాలా భాగం ఆడవాళ్లు చిన్న కార్లు, తేలిక కార్లు నడపడం వల్ల వస్తోందట. కాళ్ల గాయాల్లో మాత్రం తేడా మిగిలే ఉంది. చిన్న కారు ఆడవాళ్ల వంతుకి ఎందుకు వచ్చింది? పెద్ద కారు ఎవరి పేరు మీద ఉంటుంది? ఇంజినీరింగు లెక్క అనుకుని మొదలుపెడితే చివరికి ఆస్తి లెక్క దగ్గర తేలింది.

కాబట్టి బెల్టు మనకి అన్యాయం చేస్తోందా? చేస్తోంది. మరి వదిలెయ్యాలా? ఇక్కడే నేను నా స్నేహితురాలితో గొడవపడతాను. ఆ అంకెలన్నీ బెల్టు పెట్టుకున్న ఆడవాళ్లని బెల్టు పెట్టుకున్న మగవాళ్లతో పోల్చినవి. బెల్టు పెట్టుకోని ఆడవాళ్లతో కాదు. మనకి తక్కువగా పనిచేసే బెల్టు కూడా లేని బెల్టుకంటే ఎంతో మేలు. తక్కువ కూలి ఇస్తున్నారని కూలే వదులుకోమని మనం ఏ వ్యవసాయ కూలి తల్లికైనా చెప్పామా? సమాన కూలి అడగమన్నాం. బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మగ బెల్టు" అని సిద్ధాంతం చెప్పి చంకలో దోపుకుంటామా?

చంకలో దోపుకోవడం అన్నాను, అది ఊరికే అన్న మాట కాదు. చాలామంది ఆడవాళ్లు పై బెల్టుని భుజం మీద నుంచి తీసి చంక కింద నుంచి పోనిస్తారు. నేనూ అట్లాగే చేసేదాన్ని. ఎందుకో మనం చెప్పుకోం. పొట్టివాళ్లకి అది మెడని కోస్తుంది. అది ఒక కారణం. రెండోది, భుజం మీద నుంచి వచ్చిన బెల్టు రెండు రొమ్ముల మధ్య నుంచి పోతుంది. చీరలో అయినా చుడీదారులో అయినా ఒళ్లు గీత గీసినట్టు కనిపిస్తుంది. పక్కన డ్రైవరు, అద్దంలో చూపులు. పైట సర్దుకునే చేతులే బెల్టుని పక్కకి నెడతాయి. చంక కింద బెల్టు గుద్దు తగిలినప్పుడు పక్కటెముకల్ని విరిచి లోపలి కాలేయం, ప్లీహం దాకా దిగుతుంది. అంటే చూపు పడుతుందన్న బిడియం మన ఎముకలు విరిచే దాకా వస్తుంది. దేహం గురించి ఇన్ని కథలు, ఇన్ని కవితలు రాసిన మనం ఈ రెండు అంగుళాల పట్టీ ఎక్కడ నుంచి పోవాలో ఒక్క వాక్యం రాయలేదు. భుజం మధ్య నుంచి, రొమ్ముల మధ్య నుంచి, కింది పట్టీ తుంటి ఎముకల మీద నుంచి, పొట్ట మీద నుంచి కాదు. పైట దాని మీద వేసుకోండి, అభ్యంతరం లేదు.

కడుపుతో ఉన్నవాళ్లకి అసలే వద్దంటారు. నిరుడు మా చెల్లెలి కోడలు ఏడో నెలలో పుట్టింటికి బయల్దేరుతూ బెల్టు తీసుకుంటే వాళ్ల నాయనమ్మ చేతిలోంచి లాగేసింది. "బిడ్డ నలిగిపోతాదే, గమ్మున కూచోమే" అంది. ఆ పిల్ల ఇంజినీరు. గమ్మున కూచుంది. గర్భిణులు కూడా మూడు కొసల బెల్టు పెట్టుకోవాలని ప్రసూతి వైద్యులు స్పష్టంగా చెప్తారు. కింది పట్టీ కడుపు కింద, తుంటి మీదుగా. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి కడుపు పక్కగా. గుద్దుకున్నప్పుడు బిడ్డకి అన్నిటికంటే పెద్ద ముప్పు తల్లికి దెబ్బ తగలడం, మాయ ఊడిపోవడం. తల్లి బతికితేనే బిడ్డ బతుకుతుంది. నెలనెలా పరీక్షకి వెళ్లినప్పుడు ఐరన్ మాత్రలు, స్కానింగు తేదీలు అన్నీ చెప్పి పంపుతారు. ఈ ఒక్క ముక్క చెప్పినవాళ్లు మా ఇంటి ఆడవాళ్లకి ఇంతవరకు ఎదురు కాలేదు.

ఇక వర్గం ప్రశ్న. కారులో తిరిగే ఆడవాళ్ల సంగతి సరే, ఆటోలో పోయే ఆడవాళ్ల మాటేమిటి అని. ఈ ప్రశ్న వేసినవాళ్లంటే నాకు గౌరవం. విడవలూరు, అల్లూరు వైపు నాట్లకి పోయే ఆటోల్ని పొద్దున ఆరింటికి చూడండి. ముగ్గురు పట్టే బండిలో పన్నెండు మంది. చివర కూర్చున్నవాళ్ల కాళ్లు బయట వేలాడుతుంటాయి. రొయ్యల ప్లాంట్లకి పోయే పిల్లలు షిఫ్టు దిగి నిద్ర కళ్లతో ఒకరి మీద ఒకరు ఒరిగి వస్తుంటారు. అక్కడ బెల్టు లేదు, తలుపే లేదు. 2023 మే నెలలో పల్నాడు జిల్లా పొందుగల దగ్గర మిరప కోతకి పోతున్న ఆటో ప్రమాదంలో చచ్చిపోయింది ఆడకూలీలే. వాళ్లకి బెల్టు పెట్టుకోమని చెప్పడం వెక్కిరింపు అవుతుంది. 2025 సెప్టెంబరు 17న మన సంగం మండలం పెరమన దగ్గర ఎదురు దారిలో వచ్చిన ఇసుక టిప్పరు కింద కారు నలిగిపోయింది. ఏడుగురు పోయారు. ఆసుపత్రిలో ఉన్న బంధువుల కోసం బయల్దేరిన కుటుంబం. టిప్పరు కిందికి దూరిపోయిన కారులో బెల్టు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. తప్పు దారిలో టిప్పరు రాకుండా చూడటం పోలీసు పని, ప్రభుత్వం పని, ఇసుక మీద డబ్బు చేసుకునేవాళ్లని అదుపు చేసే పని.

అంతవరకు ఒప్పుకుంటాను. కానీ బెల్టు అన్నిచోట్లా కాపాడదు కనక దాని గురించి మాట్లాడొద్దంటే ఒప్పుకోను. పొలం దాకా బస్సు వెయ్యమనడం, ఆటోకి మనుషుల లెక్క పాటించమనడం, ఉన్న కారులో వెనక లాకు బయటికి తియ్యమనడం, ఆడ బొమ్మని కూర్చోబెట్టి పరీక్షించమనడం ఒకదానికొకటి పోటీ కావు. ఆడవాళ్ల ప్రాణం చవక అన్న ఒకే లెక్క ఆటోలోనూ ఉంది, ఇన్నోవా వెనక సీట్లోనూ ఉంది. ఆటోలో ఆ లెక్క ఘోరంగా బయటికి కనపడుతుంది. కారులో రెగ్జిన్ కవరు కింద కుట్టేసి ఉంటుంది.

రాజ్యం దేహాన్ని అదుపు చేస్తోందన్న మాటకి కూడా ఒక్క ముక్క. మన దేహాల మీద రాజ్యం పెత్తనం నాకు తెలుసు. కుటుంబ నియంత్రణ శిబిరాలు చూశాను, వాటి మీద రాశాను కూడా. కానీ బెల్టు విషయంలో రాజ్యం ఆడవాళ్లని అదుపు చెయ్యలేదు. అసలు పట్టించుకోలేదు. వెయ్యి రూపాయల జరిమానా వెనక సీటు దాకా రావడానికి దానికి తీరిక లేదు. అదుపు చేసింది ఇల్లు. "గమ్మున కూచోమే" అన్నది ఇల్లు. ఫూకోని చదివిన మనం ఆ నాయనమ్మని ఎందుకు చదవలేకపోయాం?

ఆ రోజు కావలి కారు దగ్గరికి మళ్లీ వస్తాను. కొడవలూరు దాటాక ఆపమన్నాను. డ్రైవరబ్బాయి దగ్గర బ్లేడు ఉంది. కవరు కోస్తే ఓనరు ఊరుకోడు మేడం అన్నాడు. కవరు డబ్బులు నేనిస్తానన్నాను. కాసేపు తటపటాయించి కుట్టు దగ్గర నాలుగంగుళాలు కోశాడు. లోపల మూడు లాకులూ ప్లాస్టిక్ సంచీ కూడా విప్పకుండా కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. ఆ కారు కొని ఆరేళ్లయిందట. ఆరేళ్లుగా ఎంతమంది ఆడవాళ్లు వాటి మీద కూర్చుని పెళ్లిళ్లకీ, కాన్పులకీ, చావులకీ పోయారో.

"మా అమ్మ వాళ్లు కూడా దీంట్లోనే తిరపతికి పోయినారు మేడం" అన్నాడు ఆ అబ్బాయి, బ్లేడు కాగితంలో చుడుతూ. తర్వాత కావలి దాకా ఏం మాట్లాడలేదు.

తిరిగొచ్చి అన్నకి ఫోన్ చేశాను. కిందటేడు వాళ్లబ్బాయి కొత్త కారు కొన్నాడు. వెనక లాకులు పైకి ఉన్నాయా, కవరు కింద ఉన్నాయా అని అడిగాను. అన్న చాలాసేపు మాట్లాడలేదు. చేతికర్ర నేల మీద ఆనించిన చప్పుడు వినపడింది. "ఉండు, పోయి చూసొస్తా" అన్నాడు.